మూడు పేరాల పనితనం

దినపత్రికలో టెండరు నోటీసుల పక్కన, కళ్లు నిలవని చోట, మామూలుగా ఏడాదికోసారి ఒక బహిరంగ ప్రకటన అచ్చవుతుంది. పైన విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) పేరు. కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఆ సంస్థ రాబోయే సంవత్సరానికి అడుగుతున్న రేట్లు. చివర్లో, అభ్యంతరం చెప్పదలిచినవాళ్లు నింపాల్సిన చిన్న పట్టిక. అందులో గడులు నాలుగైదుకు మించవు. అభ్యంతరదారు పేరు, పూర్తి చిరునామా ఒక గడి. అభ్యంతరాల క్లుప్త వివరం ఇంకో గడి. అభ్యంతరం ప్రతిని డిస్కం ఆఫీసులో అందజేసినట్టు రుజువు జతచేశారా లేదా అన్నది మరొకటి. స్వయంగా హాజరై మాట్లాడదలిచారా లేదా అన్నది ఆఖరిది.

ఆ రుజువు గడి మీదే నాకు మక్కువ. రేట్లు నిర్ణయించే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి రాసి ఊరుకుంటే చాలదు. ఎవరి ప్రతిపాదన మీద అభ్యంతరమో వాళ్ల ఆఫీసుకే వెళ్లి ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. పైకి ఇది మనిషిని కాళ్లరిగేలా తిప్పే మరో ఆఫీసు పనిలాగే ఉంటుంది. కానీ ఆ ముద్ర పడ్డాక జవాబు బాకీ డిస్కం నెత్తిన కూర్చుంటుంది. విచారణ రోజు వచ్చేలోగా రాతలో జవాబివ్వాలి, ఒక ప్రతి అడిగినవాడికి, ఒక ప్రతి మండలికి. ‘ఈ విషయం మా దృష్టికి రాలేదండీ’ అన్న మాటకి ఇక హాల్లో చోటుండదు. ఆ మాట వినపడని ప్రభుత్వ సమావేశాలు నాకు తెలిసినంతలో చాలా తక్కువ.

కరెంటు చార్జీల మీద బహిరంగ విచారణకి ఇప్పుడున్న ఆధారం 2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం. రేటు నిర్ణయించే అధికారాన్ని 62వ సెక్షన్ రాష్ట్ర నియంత్రణ మండలికి ఇస్తుంది. ఆ అధికారాన్ని ఎలా వాడాలో 64వ సెక్షన్ చెబుతుంది. దరఖాస్తు పెట్టిన సంస్థ దాన్ని కుదించి ప్రచురించాలి. జనం నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నిటినీ పరిశీలించి మండలి 120 రోజుల్లో ఆర్డరు ఇవ్వాలి. కాదంటే కారణాలు రాసి మరీ తిరస్కరించాలి. డిస్కంలు తమ నివేదికని నవంబరు నెలాఖరుకి ఇవ్వాలన్న గడువు ఇక్కడ బాగా అమరింది. నవంబరు 30న నివేదిక అందితే, లీపు ఏడాది కాకపోతే, 120 రోజులు మార్చి 30తో నిండుతాయి. ఏప్రిల్ 1న కొత్త రేట్లు. మధ్యలో ఒక్క రోజు మిగులు. పంచాంగం ముందు పెట్టుకుని ముహూర్తం కట్టినట్టుంటుంది.

డిస్కం ఇచ్చే ఆ నివేదిక పేరు వార్షిక ఆదాయ అవసరాల నివేదిక. అందరూ ఏఆర్‌ఆర్ అనే అంటారు. ఇంటి బడ్జెట్‌లాంటిదే, కాకపోతే వేల కోట్లలో. ఏ ప్లాంటు నుంచి ఎన్ని యూనిట్లు, ఎంత ధరకి కొంటారు, తీగల్లో ఎంత పోతుంది, జీతాలెంత, అప్పుల మీద వడ్డీలెంత, ఇవన్నీ ఒక పక్క. ఇప్పుడున్న రేట్లతో వచ్చే రాబడి ఇంకో పక్క. రెండిటి మధ్య ఉన్న గుంట పేరు రెవెన్యూ లోటు. దాన్ని పూడ్చడానికి ప్రభుత్వ సబ్సిడీ అన్నా రావాలి, చార్జీలన్నా పెరగాలి, ఖర్చయినా తగ్గాలి. విచారణలో జరిగే వాదంలో ఎక్కువ భాగం ఈ మూడో దారి చుట్టూనే. సబ్సిడీ పాలకుల చేతిలోది, చార్జీ మండలి చేతిలోది. ఖర్చు లెక్క సరైనదా కాదా అని అడిగే హక్కు మాత్రం ఆ పట్టిక నింపిన ఎవరికైనా ఉంది.

హాలు సంగతి చూద్దాం. ముందు డిస్కం సీఎండీ తెర మీద అంకెలు చూపిస్తూ ప్రతిపాదనలు చెబుతారు. తర్వాత అభ్యంతరదారుల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. పరిశ్రమల సంఘాల తరఫున వచ్చినవాళ్లు ఫోల్డర్లు తెరుస్తారు. రైల్వే అధికారులొస్తారు. రైలింజన్లు తాగే కరెంటుకీ ఒక రేటుంది మరి. ఫెర్రో అల్లాయ్స్ వాళ్లు, కోస్తాలో అయితే ఆక్వా రైతులు, రైతు సంఘాలు, వామపక్షాల నాయకులు. ఒకాయన యూనిట్‌కి ఎన్ని పైసలన్న దగ్గర మొదలుపెడితే, ఇంకొకాయన ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద రిపేరుకి మోసుకెళ్లాల్సి వస్తోందని చెబుతాడు. రెండోది రేటుకి సంబంధించిన మాటేనా? ముమ్మాటికీ. సేవకి పెట్టాల్సిన ఖర్చు ఏఆర్‌ఆర్‌లో రాసి ఉంటే, ఆ ట్రాక్టర్ కిరాయి రైతు రెండోసారి కడుతున్న చార్జీ. చివర్లో డిస్కం అధికారులు లేచి, హాల్లో కొత్తగా వచ్చిన ప్రశ్నలకి జవాబు చెబుతారు.

చూడటానికి ఈ హాలు బాగుంటుంది, టీవీ కెమెరాలూ ఇక్కడికే వస్తాయి. నేను మెచ్చే పనితనం మాత్రం హాల్లో కనపడదు. అది వారాల తర్వాత వచ్చే టారిఫ్ ఆర్డర్లో, ఎవరూ తిరగెయ్యని మధ్య పేజీల్లో ఉంటుంది. అక్కడ ఒక్కో అంశానికి మూడేసి పేరాలు. మొదటిది అభ్యంతరం. రెండోది డిస్కం జవాబు. మూడోది మండలి అభిప్రాయం. అంశం మారితే మళ్లీ అవే మూడు. వందల పేజీల ఆర్డర్లో ఈ వరస తప్పదు.

ఇందులో ఏముంది, గుమాస్తా పద్ధతేగా అనిపించవచ్చు. వ్యవసాయం లెక్క తీసుకోండి. పంపుసెట్లలో అత్యధిక భాగానికి మీటర్లు లేకుండానే ఏళ్లు గడిచాయి. మరి రైతులు వాడిన కరెంటు ఎంతో ఎలా తెలుస్తుంది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లని నమూనాగా ఎంచుకుని, వాటికి మీటర్లు పెట్టి, వచ్చిన రీడింగు నుంచి మొత్తాన్ని అంచనా కడతారు. దీనికి భారత గణాంక సంస్థ రూపొందించిన పద్ధతి ఒకటుంది. ఇప్పుడు తిరకాసు ఏమిటంటే, కొన్న కరెంటులోంచి మీటర్ల మీద అమ్మిన కరెంటు తీసేస్తే మిగిలేది రెండే పద్దులు: వ్యవసాయం, నష్టాలు. రెండూ ఒకే కుండలోవి. వ్యవసాయ వినియోగం ఎక్కువ రాస్తే నష్టాలు కాగితం మీద తగ్గుతాయి. దొంగ కరెంటు కూడా రైతు ఖాతాలో చేరిపోతుంది. ఈ అనుమానం తొలి విచారణల నుంచీ వినపడుతూనే ఉంది.

మూడు పేరాల వరస దీని మీద పని చేసే తీరు చూడండి. అభ్యంతరదారు కనెక్షన్ల సంఖ్య, రోజుకి ఇచ్చిన గంటలు, వానలు పడిన నెలలు పట్టుకుని ‘ఇన్ని యూనిట్లు ఎలా సాధ్యం’ అంటాడు. డిస్కం జవాబులో పద్ధతి పేరు చెబుతుంది. మండలి తనకి నచ్చిన అంకె వేస్తుంది, చాలాసార్లు డిస్కం అడిగిన దానికంటే తక్కువే. ఆ అంకె తగ్గిందంటే కొనాల్సిన కరెంటు తగ్గింది, కొనుగోలు ఖర్చు తగ్గింది, లోటు తగ్గింది. మొదటి పేరాలో ఒక మనిషి లేపిన అనుమానం ఆఖరి పేజీలోని రేటు దాకా ప్రయాణించిన దారి కాగితం మీదే కనపడుతుంది.

ప్రతిసారీ ఇంత అందంగా జరుగుతుందనను. డిస్కం జవాబుల్లో ‘తగిన చర్యలు తీసుకుంటున్నాం’ అన్న వాక్యం అరిగిపోయిన రికార్డులా తిరుగుతుంది. మండలి కూడా కొన్నిచోట్ల ‘గమనించాం’ అని ముగిస్తుంది. అయితే ఆ చేతకాని జవాబు ప్రశ్న కిందే, తేదీతో, పేజీ నంబరుతో అచ్చయి ఉంటుంది. వచ్చే ఏడాది అదే మనిషి వచ్చి ఆ పేజీ తెరుస్తాడు. సీనియర్ పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డిలాంటి వాళ్ల పేర్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టారిఫ్ ఆర్డర్లలో ఏటా ఎందుకు కనపడతాయో ఇందులో తెలుస్తుంది. వాళ్ల ఆయుధం గొంతు కాదు, పాత ఆర్డర్లు. మండలి డిస్కంలకి ఇచ్చిన ఆదేశాలు, వాటి అమలు ఎంతవరకు వచ్చిందన్న పట్టిక కూడా ఆర్డర్లోనే ఉంటుంది. అప్పులిచ్చినవాడి చిట్టా పుస్తకంలాగ.

మిగతా ప్రభుత్వ నిబంధనలు ఎలా తయారవుతాయో దానితో పోల్చి చూస్తే ఈ వరస విలువ తెలుస్తుంది. ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు పిలవాలన్న పద్ధతి మనకి పాతదే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ చక్కగానే చెప్పింది. ముసాయిదా అచ్చు వేయండి, ఒక తేదీ చెప్పండి, వచ్చినవాటిని పరిశీలించండి అంది. కానీ పరిశీలించినట్టు చూపించమని అనలేదు. పైగా తుది నిబంధన గెజిట్లో అచ్చయితే చాలు, అది సక్రమంగా తయారైనట్టు తిరుగులేని రుజువని అదే సెక్షన్ అంటుంది. రెండో పేరా లేని ఏర్పాటది. ఇక ఫ్యాక్టరీలకీ గనులకీ కలెక్టరు ఆధ్వర్యంలో జరిగే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపిస్తారు. ఆ పని మంచిదే. కానీ నిర్ణయం తీసుకునేవాళ్లు అక్కడ ఉండరు. కరెంటు విచారణలో బల్ల అవతల కూర్చుని విన్నవాళ్లే ఆర్డరు మీద సంతకం పెడతారు. 2016లో కాల్ డ్రాప్ పరిహారం కేసులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనని కొట్టేస్తూ సుప్రీంకోర్టు, జనాభిప్రాయాన్ని నిజంగా పట్టించుకుని కారణాలు రాసే పద్ధతిని అన్ని నిబంధనలకీ చట్టంగా తెస్తే బాగుంటుందని పార్లమెంటుకి సూచించింది. అమెరికా 1946లోనే అలాంటి చట్టం చేసుకున్న సంగతీ గుర్తుచేసింది.

పనితనం గట్టిదో కాదో ఎక్కడో ఒక కీలు ఊడినప్పుడు తెలుస్తుంది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ మండలి 2014–19 కాలానికి 3,669 కోట్ల రూపాయల ట్రూఅప్‌కి అనుమతిచ్చింది. ట్రూఅప్ అంటే అంచనాకీ అసలు ఖర్చుకీ తేడాని తర్వాత వసూలు చేసుకోవడం. బిల్లుల్లో ఆ పద్దు కనపడేసరికి జనం ఉలిక్కిపడ్డారు. ఈ దరఖాస్తు మీద పత్రికల్లో బహిరంగ ప్రకటన సరిగా రాలేదన్న అభ్యంతరం కోర్టు దాకా వెళ్లింది. మండలి తన ఆర్డరుని తానే వెనక్కి తీసుకుంది. కట్టించుకున్న డబ్బుని తర్వాతి బిల్లుల్లో సర్దమంది. ప్రకటన మళ్లీ వేయించి, విచారణ మళ్లీ జరిపింది. ఆ తర్వాత 2022లో ఒప్పుకున్న మొత్తం సుమారు 2,900 కోట్లు. విచారణ వల్లే తగ్గిందని తేల్చి చెప్పడం సాహసం. కానీ టెండరు నోటీసుల పక్కన పడాల్సిన ఒక ప్రకటన పడకపోతే వేల కోట్ల ఆర్డరు నిలబడలేదన్నది మాత్రం జరిగిన ముచ్చట.

ఇంత చక్కటి పనికి ముతక పోగులూ ఉన్నాయి. ప్రకటన తెలుగులో వస్తుంది, అసలు నివేదిక మాత్రం తరచూ వందల పేజీల ఇంగ్లీషు. ట్రాక్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ మోసినాయన దాన్ని ఎవరిచేత చదివించుకోవాలి? డిస్కంలు గడువు దాటించి నివేదికలు ఇచ్చిన ఏళ్లూ ఉన్నాయి. అప్పుడు పంచాంగం లెక్కంతా గాల్లో కలుస్తుంది. ప్రభుత్వ సబ్సిడీ విషయంలో చట్టం గట్టిదే. ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ము ముందుగా కట్టాలని 65వ సెక్షన్ అంటుంది. ఆచరణలో ఆ ‘ముందుగా’ సంగతి డిస్కంల ఖాతాలు రాసేవాళ్లని అడగాలి.

ఈ విచారణలు మొదలైన సంవత్సరం మనకి వేరే కారణంతో గుర్తుంది. 1998 సంస్కరణల చట్టంతో 1999లో ఆంధ్రప్రదేశ్ మండలి వచ్చింది. అంతకుముందు రేట్లు విద్యుత్ బోర్డే వేసేది, ఎవర్నీ అడిగే పని లేదు. 2000లో తొలి విచారణలు, మే నెలలో తొలి టారిఫ్ ఆర్డరు, దాని మీద రాష్ట్రమంతా ఆందోళన, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు, మరణాలు. కాల్పులకి ముందు ఒక విచారణ కూడా జరిగిందన్నది జ్ఞాపకాల్లోంచి జారిపోయింది. జారిపోవడం సహజమే. ఆ ఏడాది హాల్లో వినడం జరిగింది కానీ, విన్నట్టు బయట ఎవరికీ అనిపించలేదు. రాష్ట్రం విడిపోయాక 2014లో తెలంగాణ మండలి ఏర్పడింది. కొన్నేళ్లపాటు రెండు మండళ్లూ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లోనే, ఒకదాని మీద ఒకటిగా ఉన్న అంతస్తుల్లో పని చేశాయి. పంపకాల గొడవలు ఎన్ని ఉన్నా, పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ ఆ మూడు పేరాల వరస మాత్రం ఒక్కటే.

2024కి వద్దాం. నెలకి 300 యూనిట్లు దాటి వాడే ఇళ్లకి ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కి 10 రూపాయల నుంచి 50కి పెంచమని తెలంగాణ డిస్కంలు అడిగాయి. ఐదు కిలోవాట్ల లోడ్ ఉన్న ఇంటికి నెలకి 50 రూపాయలు పడేది 250 అవుతుంది, ఒక్క యూనిట్ ఎక్కువ కాల్చకపోయినా. ప్రకటన పడింది, అభ్యంతరాలు వచ్చాయి, జవాబులు వెళ్లాయి, విచారణలు జరిగాయి. అక్టోబరు 28న ఆర్డరు వచ్చింది. చివరనున్న రేట్ల పట్టికలో గృహ వినియోగం వరసలు ఒక్కొక్కటే దాటుకుంటూ 300 యూనిట్ల పైన ఉన్న గడి దగ్గరికి వస్తే, అక్కడ 10 అనే ఉంది.