ఒక్క అంకెకు లొంగని కణం

నూనె చిక్కదనం తెలుసుకోవాలంటే సన్నటి గొట్టంలో పోసి, ఎంతసేపట్లో కారుతుందో చూడొచ్చు. బతికున్న బాక్టీరియా లోపలి ద్రవంతో ఆ పని కుదరదు. బయటికి తీస్తే ఇక అది బతికున్న కణమే కాదు. లోపల తిరిగే అణువు ఎంత చురుగ్గా కదులుతోందో చూసి స్నిగ్ధతను ఊహించాలి. 1999లో 'జర్నల్ ఆఫ్ బాక్టీరియాలజీ'లో ఎలోవిట్జ్, సురెట్, వుల్ఫ్, స్టాక్, లీబ్లర్ ప్రచురించిన పరిశోధనలో ఈ కొలత పనితనం చూసి తీరాల్సిందే.

వాళ్లు ఇ. కోలి చేత ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ను తయారు చేయించారు. కణం ఒక కొసన లేజర్ కాంతిని గుప్పించి, అక్కడి అణువుల మెరుపును ఆర్పేశారు. ఆ తర్వాత మెరిసేవి ఇటు, ఆరిపోయినవి అటు కలిసిపోతూ వెలుగు మళ్లీ సమంగా పరుచుకునే తీరును వరసగా చిత్రాలు తీశారు. నాలుగు మైక్రాన్ల కణంలో ఇదంతా సెకనులో ఐదో వంతు స్థాయిలో జరిగిపోయే వ్యవహారం.

పెద్ద కణాలలోనైతే మధ్యలో చిన్న చుక్కను ఆర్పి, అది నిండే వేగం చూస్తారు. 1976లోనే ఆక్సెల్‌రాడ్, వెబ్ బృందం అందుకు లెక్క కట్టింది. బాక్టీరియాలో అంత చోటు లేదు, ఎటు చూసినా గోడే. ఆ గోడనే వీళ్లు లెక్కలోకి తెచ్చుకున్నారు. కణం పొడవునా ఉన్న వెలుగును రెండు కొసల మధ్య సరిగ్గా ఇమిడే అలలుగా విడగొట్టారు. ఒక్కో అల ఎంత త్వరగా చదునవుతుందో చూస్తే, కణం పొడవును బట్టి విసరణ గుణకం, అంటే అణువులు ఎంత చురుగ్గా వ్యాపిస్తాయో చెప్పే అంకె, తేలుతుంది.

తేలిన విలువ సెకనుకు 7.7 చదరపు మైక్రాన్లు, 2.5 అటూ ఇటూగా. స్వామినాథన్, హోయాంగ్, వెర్క్‌మన్ 1997లో ఉప్పునీటి ద్రావణంలో ఇదే కోవకు చెందిన ప్రోటీన్‌కు కొలిచింది 87. అంటే కణంలో కదలిక దాదాపు పదకొండో వంతే. కణద్రవ్యం నీటికన్నా పదకొండు రెట్లు చిక్కన అని రాసి ముగించేయవచ్చు. వాళ్లు అలా ముగించలేదు.

జీఎఫ్‌పీకి మరో ప్రోటీన్‌ను అతికించి 27 కిలోడాల్టన్ల బరువున్న అణువును 72కు పెంచారు. అణువులను గుండ్రటి బంతులనుకుంటే, పెరిగిన సైజుకు వేగం 5.5 దగ్గరకు తగ్గాలి. కొలిస్తే 2.5 వచ్చింది. ఈసారి 238 అమైనో ఆమ్లాల గొలుసుకు ఆరంటే ఆరు హిస్టిడిన్లు తగిలించారు. సైజు దాదాపు మారలేదు, విలువ మాత్రం 4.0కు పడిపోయింది. మార్చకుండానే జీఎఫ్‌పీని ఎక్కువ మోతాదులో తయారు చేయిస్తే 3.6 అయింది.

ఒకే స్నిగ్ధత ఈ అంకెలన్నిటినీ వివరించలేదని వాళ్లు నిక్కచ్చిగా తేల్చారు. చక్కగా వచ్చిన తొలి అంకెను ఇంకో మూడు వైపుల నుంచి పరీక్షకు పెట్టడం నా దృష్టిలో ఈ పనితనానికి శిఖరం. ఏ అణువు దేన్ని ఒరుసుకుంటుంది, దేనికి అంటుకుంటుంది, చుట్టూ ఎంత కిక్కిరిసి ఉంది అన్నవన్నీ దాని నడకలో ఉంటాయి. కణంలో ఒక ప్రోటీన్ వేగం తెలియాలంటే, పక్కదాని అంకెను అరువు తెచ్చుకోకుండా ఆ ప్రోటీన్‌నే కొలవాలి.