అంబాసిడర్ వెనక సీటు, మారుతి ముందు సీటు

ఒకప్పుడు నూజెండ్ల నుంచి నరసరావుపేట ఆస్పత్రికో, కోటప్పకొండ తిరునాళ్లకో బాడుగకు కారు మాట్లాడుకున్నారంటే, వచ్చేది అంబాసిడరే. దాని గురించి పల్నాటి పాఠకులకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కానీ మారుతి 800ని దాని పక్కన నిలబెట్టి చూస్తే, ఒకటి పెద్ద కారు, మరొకటి చిన్న కారు అనేది పైపై తేడాగానే తోస్తుంది. స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి.

అంబాసిడర్‌కు చాలాకాలం గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. అందువల్ల ముందు కూడా అడ్డంగా ఒకటే సీటు. డ్రైవరు పక్కన ఇద్దరు, పెళ్లిళ్ల రోజుల్లో ఒడిలో పిల్లలతో సహా ఇంకా ఎక్కువమంది. ఆ గేరు లింకులు అరిగితే ఒక్కోసారి మధ్యలో బిగుసుకుపోయేవి. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, చేత్తో లాగి వదిలించి, ఏమీ జరగనట్టు మళ్లీ ఎక్కేవాడు. ఆ ఒడుపు తెలిసినవాడి చేతిలోనే బండి మాట వినేది. కాబట్టి సొంత కారున్న ఆసామి కూడా ఎక్కువగా వెనకే కూర్చునేవాడు; కలెక్టరూ అంతే, నొప్పులొచ్చిన గర్భిణీ అంతే.

మారుతి అలా కాదు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, ముందు చక్రాలకే దాని బలం, 650 కిలోలకు అటూఇటూగా బరువు. అంబాసిడర్ టన్ను దాటేది. మారుతిలో ముందు సీట్లు విడివిడిగా ఉంటాయి, క్లచ్ తేలిక. అందుకే స్కూటరు మీద తిరిగే బ్యాంకు ఉద్యోగి, మేస్టారు డ్రైవరు అవసరం లేకుండా కారు కొన్నారు. మన చిన్న పట్టణాల్లో ఆడవాళ్లు ధైర్యంగా స్టీరింగు పట్టడానికి ఈ బండే పెద్ద ఊతమని నా నమ్మకం.

అయినా రెండింటికీ చుట్టరికం ఉంది. అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ బిడ్డ. 1957 నుంచి బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. అలాగే మారుతి జపాన్ సుజుకీ బిడ్డ. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందాయి. మనకు బాగా తెలిసిన దాని రూపం మాత్రం 1986లో వచ్చింది. రెండింటి కోసమూ జనం డబ్బు కట్టి ఎదురుచూశారు. రెండూ పెద్దగా మారకుండానే దశాబ్దాలు గడిపి, 2014లోనే, ఒకటి జనవరిలో, మరొకటి మేలో ఆగిపోయాయి.

అంబాసిడర్‌ను ఉత్త సర్కారు బండి అంటే, ఊరంతటికీ అది చేసిన చాకిరీని మరిచినట్టే. మారుతిని డబ్బా అనడమూ అన్యాయమే. వానాకాలం నల్లరేగడిలో దిగబడితే నలుగురు పట్టి పక్కకు జరపగలిగింది దాన్నే. ఇవాళ తిరునాళ్లకు బయల్దేరే ఏడు సీట్ల బండ్లలో అంబాసిడర్ నాటి ఇరుకు, సందడి తిరిగి కనిపిస్తాయి. నడిపేది మాత్రం చాలావరకు ఇంట్లోవాళ్లే.