బార్‌ట్లే వెన్నెల ఏ సెన్సర్‌కు దక్కుతుంది?

'మాయాబజార్'లో పాటలు మరిచిపోయినవాళ్లు ఉంటారేమో కానీ వెన్నెల మరిచిపోయినవాళ్లు ఉండరు. 1957లో వచ్చిన ఆ సినిమాలో పడవ సాగుతుంటే నీళ్ల మీద చంద్రకాంతి తళతళలాడుతుంది. ఆ పడవ పాట కొంత మద్రాసు పక్కన ఎన్నూరులో పట్టపగలు తీశారని, మిగతాది స్టూడియోలో దీపాల కింద తీశారని చెబుతారు. ఎండ ఎక్కడ ఆగిందో, లైటు ఎక్కడ మొదలైందో పట్టుకోవాలని ఎన్నిసార్లు చూసినా నా వల్ల కాలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే దగ్గర ఉన్నవేమిటి? నలుపు తెలుపు ఫిల్ము, మోయలేనంత కెమెరా, ఆయన కన్ను. షాట్ ఎలా వచ్చిందో చూసుకోవడానికి పక్కన మానిటర్ లేదు. నెగటివ్ ల్యాబుకు వెళ్లి, కడిగి, ప్రింటు వేసి, రష్ చూసేదాకా ఆ వెన్నెల మొత్తం ఆయన తలలోనే ఉండాలి. ఎంత గొప్ప పనితనం!

ఫిల్మా, డిజిటలా అనే వాదన ఎక్కడ మొదలైనా ముందు పిక్సెళ్ల లెక్క బయటికొస్తుంది. 2కె, 4కె, 8కె అంటూ అంకెలు పెంచుకుంటూ పోతారు. బొమ్మ నాణ్యత అంటే అంకెలొక్కటే కాదు. నేను ఫిల్ము పక్షం. డిజిటల్ గెలిచిన చోట గెలిచిందనే రాస్తాను, కానీ అది ఓడిన చోట్లు కూడా లెక్కపెట్టి తీరాలి.

ముందు వస్తువు సంగతి. పారదర్శకమైన పట్టీ మీద జెలటిన్ పూత, అందులో వెండి లవణాల స్ఫటికాలు. వెలుగు తగిలిన స్ఫటికం రసాయనంలో వెండిగా మారుతుంది. తొలిరోజుల్లో ఆ పట్టీ నైట్రేట్‌ది, నిప్పు తగిలితే భగ్గుమనేది. 1950ల నుంచి అసిటేట్ వచ్చి ఆ భయం పోయింది. రంగుల ఫిల్ములో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను పట్టే పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చరిత్రకు ఈ మాత్రం చాలు.

అసలు తేడా బాగా వెలుగున్న చోట కనిపిస్తుంది. డిజిటల్ కెమెరా సెన్సర్‌లో ఒక్కో గడి ఒక్కో బిందె లాంటిది. వెలుగు పడుతున్నకొద్దీ నిండుతుంది, నిండాక పడిందంతా నేలపాలే. అక్కడ ఇక వివరమనేది ఉండదు, తెల్లటి అచ్చు మిగులుతుంది. ఫిల్ము నెగటివ్ అలా ఒక్కసారిగా చేతులెత్తెయ్యదు. వెలుగు పెరిగేకొద్దీ అది స్పందించడం నెమ్మదిస్తుంది, ఇంకా ఇంకా తీసుకుంటూనే ఉంటుంది. అందుకే పాతతరం కెమెరామన్లు నెగటివ్ దళసరిగా రావాలని కాస్త ఎక్కువే ఎక్స్‌పోజ్ చేసేవారు. డిజిటల్‌లో పని చేసేవాళ్లు దానికి తలకిందులుగా, ఎక్కడ తెల్లబారిపోతుందోనని లెన్సు బిగించుకుంటారు.

దీపారాధన షాట్ ఒకటి తీసుకోండి. కుంది, నూనె, ఒత్తి, దాని పక్కన ఒక ముఖం. ఫిల్ము మీద ఒత్తి మొదట్లో నీలిచాయ, నడుమ తెలుపు, ఆ తెలుపు చుట్టూ పసుపు, దాని అంచున నారింజ, అది చీకట్లో కలిసిపోయే చోట ఒక గీత కూడా ఉండదు. తొలితరం డిజిటల్ కెమెరాలతో తీసిన దీపాన్ని చూడండి. కత్తిరించి అతికించిన తెల్ల కాగితం ముక్క, చుట్టూ పసుపు గీత. కిటికీలోంచి పడే ఎండ అంతే, నుదుటి మీద మెరుపు అంతే, ముక్కుపుడక అంతే. ముఖానికి ప్రాణం పోసేవి ఈ చిన్న చిన్న మెరుపులే కదా!

రంగు దగ్గర ఇంకో తేడా ఉంది. మామూలు సెన్సర్‌లో ఒక్కో గడి మీద ఒకే రంగు అద్దం ఉంటుంది. సగం గడులు ఆకుపచ్చవి, పావు ఎరుపువి, పావు నీలానివి. మిగతా రెండు రంగులను చుట్టుపక్కల గడుల్ని చూసి కంప్యూటర్ అంచనా కడుతుంది. ఆ అంచనా ఇప్పుడు బాగా నేర్పుగా ఉంటోంది, కాదనను. అయినా అంచనా అంచనాయే. ఫిల్ము మీద ప్రతి చోటా మూడు పొరలూ వెలుగును స్వయంగా చూస్తాయి.

ఇక గ్రెయిన్, అంటే ఆ స్ఫటికాల వల్ల బొమ్మలో కనిపించే రవ్వ. దాన్ని లోపమనుకునేవాళ్లే ఎక్కువ. ఫిల్ము ప్రతి ఫ్రేములోనూ కొత్తది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కోదానిలో స్ఫటికాలు ఒక్కో చోట ఉంటాయి. కదలని గోడను తీసినా ఆ గోడ తెర మీద ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. సెన్సర్‌లో గడులు ఎక్కడివక్కడే. దాని నాయిస్ వచ్చేది నీడల్లో, అదీ మురికిలా. ఫిల్ము గ్రెయిన్ చర్మం మీద, ఆకాశం మీద, నడిమి ఛాయల్లో మెత్తగా పరుచుకుంటుంది.

స్పష్టత విషయంలో న్యాయంగా మాట్లాడాలి. మన ఊరి థియేటర్లో గీతలు పడి, వణికే ప్రింటును తలుచుకుని 'ఫిల్ము ఇంతే' అనేస్తారు. అది ఫిల్ము తప్పు కాదు. అసలు నెగటివ్ నుంచి ఒక పాజిటివ్, దాన్నుంచి ఇంకో నెగటివ్, దాన్నుంచి వందల ప్రింట్లు. నకలుకు నకలు తీస్తే తరిగిపోక ఏం చేస్తుంది? మంచి లెన్సుతో తీసిన 35 ఎంఎం నెగటివ్‌ను నేరుగా 4కెలో స్కాన్ చేసి చూడండి, అప్పుడు మాట్లాడదాం. తొలి డిజిటల్ థియేటర్లలో మనకు చూపించింది మాత్రం ఏపాటిది? 2కె కూడా లేని ప్రొజెక్టర్లలో, కుదించి పంపిన బొమ్మలే కదా.

డిజిటల్ నిజంగా గెలిచింది చీకట్లో. కొడాక్ సినిమా ఫిల్ముల్లో అన్నిటికన్నా వేగమైనది 500 ఐఎస్ఓ దగ్గర ఆగుతుంది. సోనీ వెనిస్ కెమెరా 2500 దగ్గర కూడా శుభ్రంగా పని చేస్తుంది. 2004లో దర్శకుడు మైకేల్ మాన్ 'కొలాటరల్' కోసం లాస్ ఏంజెలిస్ రాత్రిని డిజిటల్‌లో పట్టినప్పుడు, ఊరి దీపాలకు ఎర్రబారిన ఆకాశం తెర మీద అలా కనిపించడం చూసి నేనూ అబ్బురపడ్డాను. 2010లో ఆరి అలెక్సా వచ్చాక వెలుగున్న చోట మెత్తదనం కూడా చాలావరకు వచ్చింది. 2022లో వచ్చిన అలెక్సా 35కి 17 స్టాపుల వెలుగునీడల పరిధి ఉందని తయారీదారులే చెబుతున్నారు. మన ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ 'మగధీర'ను ఫిల్ము మీద తీసి, 'బాహుబలి'ని అలెక్సాతో తీశారు. గ్రాఫిక్స్‌తో కలిపి కుట్టాల్సిన అంత పెద్ద బొమ్మకు డిజిటల్ ఎంత సాయపడిందో ఎవరూ కాదనలేరు. సెంథిల్ చెయ్యి ఆ చెయ్యి కావడానికి కారణం మాత్రం ఫిల్ము మీద చేసిన సాధనే అని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఫిల్ము క్రమశిక్షణ అలాంటిది. 400 అడుగుల రోలు అంటే నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. వెయ్యి అడుగులైతే 11 నిమిషాలు. కెమెరా తిరిగిందంటే డబ్బు తిరిగినట్టే. అసిస్టెంటు నల్లని ఛేంజింగ్ బ్యాగులోకి రెండు చేతులూ దూర్చి, చూపు ఎటో పెట్టి, వేళ్లతోనే డబ్బా మూత తీసి, రోలు అంచు వెతికి, మ్యాగజైన్‌లో పళ్లకు రంధ్రాలు కుదిరాయో లేదో తడిమి చూసుకుని, మూత బిగించేవాడు. వేలు జారి కాస్త వెలుగు చొరబడితే ఆ రోలు పోయినట్టే. షాట్ అయ్యాక కెమెరా గేటు తెరిచి చూసేవారు, వెంట్రుకంత చెత్త ఉన్నా మళ్లీ తీయాల్సిందే. అందుకని నటుడు రిహార్సల్ చేసేవాడు, లైటు బాయ్ కట్టరు కదిలించేముందు అడిగేవాడు, దర్శకుడు ఆలోచించుకుని 'స్టార్ట్' అనేవాడు. ఇప్పుడు కార్డులో ఖాళీ ఉందికదా అని రిహార్సల్ కూడా షూట్ చేసేస్తున్నారు. ఆ తొందర తెర మీద కనబడుతుంది.

మహానుభావులైన ఛాయాగ్రాహకులు ఈ కట్టుబాట్లలోనే అద్భుతాలు చేశారు. 1961 'సీతారామ కళ్యాణం'లో రవికాంత్ నగాయిచ్ పదితలల రావణుణ్ణి చూపించింది కంప్యూటర్‌తో కాదు. లెన్సు ముందు ఒక భాగం మూసి తీయడం, ఫిల్ము వెనక్కి తిప్పడం, మూసిన భాగం తెరిచి తీసిన భాగం మూసి మళ్లీ తీయడం. ఎన్టీఆర్ ఆ షాట్ కోసం గంటల తరబడి కదలకుండా నిలబడ్డారని చెప్పుకుంటారు. లెక్కలో ఒక్క ఫ్రేము తప్పినా మొదటి నుంచీ మొదలు. 1959 'కాగజ్ కే ఫూల్'లో వి.కె. మూర్తి అద్దాలతో బయటి ఎండను స్టూడియోలోకి తిప్పి, దూలంలా ఒక కాంతిధార దింపారు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న తొలి ఛాయాగ్రాహకుడు ఆయనే. 1956 'అపరాజితో'లో సుబ్రత మిత్ర కాశీ ఇంటి సెట్ మీద గుడ్డ పరిచి, దాని మీదికి లైట్లు కొట్టి కిందికి రాలిన మెత్తటి వెలుగుతో పని చేశారు. ఈనాటికీ మన సెట్లలో థర్మకోల్ షీటు పట్టుకునే ప్రతి కుర్రాడూ ఆయన శిష్యుడే. 'ముత్యాల ముగ్గు'కు ఇషాన్ ఆర్య జాతీయ అవార్డు తెచ్చారు. గోదావరి పొద్దును అలా రంగుల్లో చూపినవాళ్లు అంతకుముందు లేరంటాను నేను. 1974లో వి.ఎస్.ఆర్. స్వామి 'అల్లూరి సీతారామరాజు'లో మన్యాన్ని తొలి తెలుగు సినిమాస్కోప్‌లో పరిచారు. 1989 'గీతాంజలి'లో పి.సి. శ్రీరామ్ ఊటీ మంచులోకి వెనకనుంచి వెలుగు పంపితే మంచు కూడా ఒక పాత్రయింది. ఆ శ్రీరామే తరవాత దేశంలోని తొలి డిజిటల్ సినిమాల్లో ఒకటి తీశారు. ఆయనకు రెండూ తెలుసు. నా బాధ ఒకటే తెలిసినవాళ్ల గురించి.

పతనం ఎంత వేగంగా జరిగిందో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. 2011 నాటికి పెద్ద కంపెనీలు కొత్త ఫిల్ము కెమెరాల తయారీ మానేశాయి. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిల్ము ఆపేసింది. రాత్రింబవళ్లు తిరిగిన మన ల్యాబుల్లో తొట్లు ఎండిపోయాయి. రంగుల లైట్ల లెక్క నోటికి చెప్పగల గ్రేడర్లు, నెగటివ్ కోసే గ్లౌజుల చేతులు, రసాయనాల వాసన చూసి తేడా చెప్పగల పనివాళ్లు ఇంటిదారి పట్టారు. వాళ్ల విద్యను ఎవరైనా రాసి పెట్టారా? అమెరికాలో నోలన్, టరాంటినో లాంటి దర్శకులు పట్టుబట్టి ఫిల్మును బతికించుకున్నారు. 'ఓపెన్‌హైమర్' కోసం కొడాక్ ప్రత్యేకంగా 65 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము తయారుచేసి ఇచ్చింది. 'డ్యూన్'ను డిజిటల్‌లో తీసి, ఆ బొమ్మను ఫిల్ము మీదికి ఎక్కించి, మళ్లీ స్కాన్ చేసుకున్నారు. ఇది చాలదా, ఫిల్ములో ఏదో ఉందనడానికి? మన నిర్మాతల్లో అలా పట్టుబట్టినవాళ్లు నాకు కనబడలేదే!

దానికి బదులు మనకు దొరికినవి నకిలీలు. 'ఫిల్ము లుక్' అని నెట్‌లో అమ్మే రెడీమేడ్ రంగులు తెచ్చి అన్ని సినిమాలకూ అవే పులుముతున్నారు. నీడలన్నీ నీలిపచ్చ, ముఖాలన్నీ నారింజ. కోనసీమ పచ్చదనానికీ, అనంతపురం ఎర్రమట్టికీ తేడా లేకుండా పోయింది. పైన అతికించే నకిలీ గ్రెయిన్ ఇంకా ఘోరం. అసలు గ్రెయిన్‌తోనే బొమ్మ తయారవుతుంది, ఇది బొమ్మ మీద చల్లిన ఇసుక. దుమ్మూ గీతలూ పడకుండా చూడడానికి ల్యాబు మనుషులు జీవితాలు ధారపోస్తే, ఆ గీతలనే ఇప్పుడు 'పాతకాలపు అందం' పేరిట అమ్ముతున్నారు.

రీరిలీజుల సంగతి చెబితే కోపం ఆగదు. ఆ మధ్య ఒక థియేటర్లో '4కె' అని వేసిన పాత సినిమాకు వెళ్లాను. ఎప్పుడో టీవీ కోసం తీసిన టేపును సాగదీశారని మొదటి క్లోజప్‌లోనే తెలిసిపోయింది. గ్రెయిన్ గీకెయ్యడంతో హీరోయిన్ చెంపలు మైనపు బొమ్మవిలా ఉన్నాయి, చీర అంచు జరీ ఒక పసుపు గీతయింది. దాదాపు చదరంగా తీసిన పాత బొమ్మలను వెడల్పు తెరకు సరిపెట్టడానికి తలా పాదాలూ కోసేస్తున్నారు. నాట్యం చేసే మనిషి పాదాలు కోసే హక్కు వీళ్లకెవరిచ్చారు? 2010లో 'మాయాబజార్'కు రంగులద్దారు. ఎంత శ్రమపడి ఉంటారో ఊహించగలను, పిల్లలు చూశారంటే సంతోషమే. కానీ బార్‌ట్లే నలుపుకూ తెలుపుకూ నడుమ మెట్లుమెట్లుగా కట్టిన ఆ వెన్నెలకు రంగు అక్కర్లేదు.

దాచుకోవడంలో కూడా ఫిల్ముదే పైచెయ్యి. 2007లో ఆస్కార్లు ఇచ్చే అమెరికా అకాడమీ వేసిన లెక్క ప్రకారం డిజిటల్ మాస్టర్‌ను భద్రపరచడానికి ఫిల్ముకన్నా దాదాపు 11 రెట్లు ఖర్చు. డిస్కులు చచ్చిపోతాయి, ఫార్మాట్లు మారిపోతాయి, కొన్నేళ్లకోసారి మరో చోటికి ఎక్కించుకుంటూ ఉండాలి. 1993లో లండన్ ల్యాబులో మంటలు రేగి 'పథేర్ పాంచాలి' నెగటివ్ కాలిపోయింది. ఆ కాలిన, ముడుచుకుపోయిన రీళ్లలో మిగిలిన భాగాలను ఇటలీలోని బొలోన్యాలో చేత్తో విడదీసి, అతికించి, స్కాన్ చేసి 2015లో మళ్లీ లోకానికి చూపించారు. కాలిన హార్డ్‌డిస్క్ నుంచి అలా ఒక సినిమా లేచి రాగలదా?

మన నిర్మాతల గోదాముల్లో, మేడమీద రేకుల గదుల్లో ఇంకా నెగటివ్‌లు ఉన్నాయి. వేడికీ తేమకూ అసిటేట్ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, పట్టీ ముడుచుకుపోతుంది. ఆ వాసన వస్తోందంటే ఆ డబ్బాను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి, లేకపోతే పక్కవాటికీ అంటుకుంటుంది. పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ 1964 నుంచీ ఉంది. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు మన అన్నపూర్ణ స్టూడియోలోనే ఈ విద్య నేర్పే శిబిరం పెట్టారు. అడిగితే చెప్పేవాళ్లు లేకపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసో, విడివిడిగానో ఒక చల్లటి నిల్వ గది కట్టలేవా? స్టూడియోలకు ఎకరాలకు ఎకరాలు ఇచ్చారు కదా, ఆ సినిమాలను దాచడానికి నాలుగు గదులు ఇవ్వలేరా?

రీరిలీజ్ చేసేవాళ్లకు నా విన్నపం ఇది. అసలు నెగటివ్ వెతకండి. గ్రెయిన్ జోలికి పోకండి. ఆ సినిమా తీసిన కెమెరామన్ ఉంటే ఆయన్ని, లేకపోతే ఆయన దగ్గర పని చేసిన అసిస్టెంటును, కారు పంపి, పారితోషికం ఇచ్చి గ్రేడింగ్ గదికి పిలిపించండి. ఆ వెన్నెల ఎంత తెల్లగా ఉండాలో వాళ్లకు గుర్తుంది. పోస్టరు మీద '4కె' అని వేసే చోటే, నెగటివ్ నుంచి స్కాన్ చేశారో, ప్రింటు నుంచో, టేపు నుంచో కూడా వేయండి. టికెట్టు కొనేవాళ్లకు అది తెలియాలి.