నైరూప్యచిత్రము – శైలీవిచారము

మన చిత్రకళావిమర్శలో నైరూప్యచిత్రమను పేరు బహుకాలముగా వాడుకలో నున్నది. ఆ పేరే ప్రేక్షకునకు తొలి యడ్డంకి యైనదని నా తలంపు. రూపము లేనిది నైరూప్యమని కదా పదార్థము. కాని పటముపై రంగు పడినంతనే రూప మేర్పడుచున్నది. ఎఱ్ఱని మరకకు అంచు కలదు, పరిమాణము కలదు, ప్రక్కనున్న నీలముతో పొత్తో పోరో కలదు. ఇచట లోపించినది రూపము కాదు, ప్రతిరూపము. అమూర్తమను వేఱొక పేరునకును ఇదియే దోషము. కంటి కెదురుగా గోడపై వ్రేలాడు వర్ణలేపము మూర్తమే కాని భావమాత్రము కాదు. పేరు మార్చవలెనని నా పట్టు కాదు; రూఢమైన పదమును పెకలించుట వృథాశ్రమ. కాని ఈ పదము మనచేత తప్పు ప్రశ్న నడిగించుచున్నది. 'ఇది యేమి?' అని ప్రేక్షకు డడుగును. ఉత్తరము దొరకనిచో లోపము చిత్రకారునియందో తనయందో కలదని తలచి తొలగిపోవును.

సరియైన ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో కీసరకు చేరువనున్న నాగారమువంటి చోట, పట్టణము పెరిగి వచ్చి చేలను కప్పిన వీధులలో సైతము, సంక్రాంతి దినములందు వాకిళ్ల ముందు ముగ్గులు తీర్చుదురు. పొరుగింటి యామె వచ్చి నిలిచి 'ఎన్ని చుక్కలక్కా?' అని యడుగును గాని 'ఇదేం బొమ్మ?' అని యడుగదు. పదిహేను, సందుచుక్క ఎనిమిదిదాక అని ప్రత్యుత్తరము. అనగా నడిమి వరుసలో 15 చుక్కలు. ఇరువైపుల సందులలో 14, 13 అని తగ్గుచు 8 వఱకు. వెరసి 169 చుక్కలు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు. దాని చుట్టి పోయి బయలుదేరిన చోటికే వచ్చి కలియును. రథపు ముగ్గునకు రథము, చిలుకల ముగ్గునకు చిలుక వెలుపల నున్నవి. మెలికల ముగ్గునకు వెలుపల వస్తువే లేదు. అయినను అది యర్థము కాలేదని యెవరును వాపోవుట వినము. వరుస తప్పినను, మెలిక తెగినను వెంటనే పసిగట్టుదురు. గుణదోషములను రచనావిధానమునుబట్టియే నిర్ణయించుచున్నారు. శైలీవిమర్శ యనగా ఇంతకంటె వేఱొకటి కాదు.

శాస్త్రకారులును ఈ భేదము నెఱుగుదురు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున, అద్దములోని ప్రతిబింబమువలె వస్తువును పోలునది విద్ధచిత్రమని చెప్పి, అవిద్ధమును వేఱుగా పరిగణించి, పొడులతో తీర్చు ధూళిచిత్రమునకును చోటిచ్చినారు. సాదృశ్యము చిత్రములలో ఒక తెగకు లక్షణమే కాని చిత్రమాత్రమునకు లక్షణము కాదని దీనివలన గ్రహింపనగును. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము ఆచార్యులు మెచ్చునది రేఖ యని, సామాన్యులు మెచ్చునది వర్ణసంపద యని వివేచించినది. ఆ మాటలో సామాన్యులపట్ల కొంత చులకన లేకపోలేదు. అయినను మెచ్చదగినవిగా అచట లెక్కింపబడినవి చిత్రణాంగములే కాని చిత్రితవస్తువులు కావు.

ఇంతమాత్రమున మెలికల ముగ్గును నైరూప్యశైలిని ఒకటిగా చూపుట తొందరపాటు. 1911 డిసెంబరులో వెలువడిన తన గ్రంథమున కాండిన్స్కీ స్వయముగా ఈ ప్రమాదమును శంకించినాడు. వస్తువును విడిచిన చిత్రము కంఠపట్టీలపైని, తివాచీలపైని అల్లికవలె అలంకారమాత్రముగా దిగజారునేమో యని ఆయన భయము. ముగ్గునకు చుక్కల చట్టము ముందే సిద్ధముగా నుండును. కుశలత యంతయు ఆ చట్టమునకు లోబడి నడచుటలో నున్నది. చిత్రకారునకు అట్టి చట్టము ఎవరును ఇయ్యరు. చుక్కలను తానే పెట్టుకొని, గీతలను తానే నడపి, తాను చేసికొన్న నియమమును తానే యొకచోట ఉల్లంఘింపవలెను. ఆ యుల్లంఘనము ఎచట జరిగినది, ఏల జరిగినది యని చూడనేర్చినవాడే నైరూప్యమును చూడనేర్చినవాడు.

రెండవ పొరపాటు ప్రతీకను నైరూప్యమని భ్రమించుట. ఇందులకు ఉదాహరణము నాగారమునకు దవ్వుగాదు. కీసరగుట్టమీద ఆరుబయట చెదరియున్న శివలింగములను చూడుడు. లింగము దేనికిని ప్రతిరూపము కాదు. అయినను భక్తుడు దాని నునుపును, వంపును చూచి యాగిపోడు; ఆ రూపము దేవుని సూచించి తాను తప్పుకొనును. ప్రతీకకు అర్థము ముందే స్థిరపడియున్నది. కరీంనగరు ప్రాంతమునుండి వచ్చి బొంబాయి జె.జె. కళాశాలలో నేర్చిన పి.టి. రెడ్డి (1915–1996) 1970 దశకమున వ్రాసిన తాంత్రికచిత్రములందు బిందువులు, త్రికోణములు మెండు. వానిని కేవలము నైరూప్యములని వర్ణించినచో సగము చెప్పినట్లు. అవి యంత్రమువలె చదువుటకును ఉద్దేశింపబడినవి. చదువక చూచుటకును నిలుచునవి. ఈ రెండు చూపులకు నడుమ ఆయన పటములు ఊగిసలాడుచుండును. అచటనే వాని బలము కలదు, అప్పుడప్పుడు బలహీనతయు కలదు. 1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనమున మలేవిచ్ తన నల్ల చతురస్రమును, రష్యనుల యిండ్లలో దైవచిత్రము నుంచు మూలను తగిలించినాడు. కనుక ప్రతీకకును నైరూప్యమునకును గల యెల్ల పాశ్చాత్యులకును స్పష్టముగా లేదనవలెను.

కీసరగుట్టవద్దనే మనకు మఱియొక లాభము కలదు. అచటి రాతిపై తొలుచువాండ్రు అని చదువబడిన చిన్న శాసన మొకటి కలదు. పండితులు దానిని విష్ణుకుండినుల కాలమునకు చెందినదిగా నెంచి, తెలుగు పదములు గల తొలి శాసనములలో చేర్చుచున్నారు. రాతిని తొలుచువారు తమ్ము తాము పేర్కొన్న మాట యది. తొలుచుట యనగా అక్కఱలేనిదానిని తీసివేయుట. లాటినునుండి వచ్చిన ఆబ్‌స్ట్రాక్ట్ అను మాటకును దేనినుండియో లాగివేయుట యనియే మూలార్థము. నైరూప్యమను పదము మిగిలినదానిని మఱపించి లేనిదానినే చూపుచున్నది. తొలుపు అను పదము పనిని చూపుచున్నది. మోండ్రియాన్ 1911లో బూడిదరంగు చెట్టును, 1912లో పూచిన ఆపిలు చెట్టును వ్రాసిన క్రమము నొకచో పెట్టి చూచినచో తొలుపు కనులకు కట్టును. మొదట ఆకు పోయినది, పిదప బెరడు పోయినది, తుదకు కొమ్మల వంపులు మాత్రము నిలిచి చెట్టుపేరు నిలువలేదు.

శైలియను మాటను సాహిత్యవిద్యార్థులు తేలికగా గ్రహింపగలరు. మనము పద్యమును గూర్చి శయ్య, పాకము అని మాటలాడునప్పుడు కథను పక్కన పెట్టియే మాటలాడుచున్నాము. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ద్రాక్షాపాకమును, నారికేళపాకమును వివరించెను. నైరూప్యము నారికేళపాకమని కొందఱకు తోచవచ్చును. ఆ పోలికలో ఒక మోసము కలదు. కొబ్బరికాయలో పెంకు వేఱు, నీరు వేఱు. పెంకు పగులగొట్టి పారవేయవచ్చును. నైరూప్యపటమున పగులగొట్టి పారవేయదగిన పెంకు లేదు. దాగియున్న బొమ్మకొఱకు వెదకువాడు మేఘములో ఏనుగును చూచు బాలుని వంటివాడు; ఏనుగు దొరికినంతనే మేఘమును చూచుట మానును.

మఱి దేనిని చూడవలెను? కన్ను పటములోనికి ఏ మూలనుండి ప్రవేశించుచున్నది, ఎచట ఆగుచున్నది. ఏ వర్ణము ముందుకు వచ్చుచున్నది, ఏది వెనుకకు పోవుచున్నది. అంచులు కోసినట్లున్నవా, కరగినట్లున్నవా. కుంచె వేగముగా నడచినదా, నిలిచి నిలిచి నడచినదా. ఖాళీ విడిచిన చోటు విశ్రాంతియా, లోపమా. వీనికి ఉత్తరము చెప్పుటకు తెలుగు చాలును. సరంజామా మన కావ్యవిమర్శలోనే కలదు. గుడివాడలో 1936లో జన్మించి, మద్రాసులో చదివి, 1960 దశకమున కామన్వెల్తు విద్యార్థివేతనముతో లండనులోని స్లేడ్ కళాశాలకు పోయి, పిదప అమెరికాలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ పొందిన ఎస్.వి. రామారావు పటములకు ఈ ప్రశ్నలే తగినవి. ఆయనకు వర్ణమే వాక్యము. అందు ఆంధ్రత్వమును వెదకి చూపవలెనని కొందఱు చేయు శ్రమ నాకు నిష్ప్రయోజనముగా తోచును. శైలికి ఊరు ఉండవచ్చును గాని అది పటమున పసుపు కుంకుమల రూపమున కనబడవలెనన్న నియమము లేదు.

ఇది మతము కాదు, శైలియే యనుటకు గట్టి సాక్ష్యము సూర్యప్రకాశ్ (1940–2019). ఖమ్మము ప్రాంతీయుడైన ఆయన హైదరాబాదులో నేర్చి, ఢిల్లీలో రాంకుమార్ కడ పనిచేసి, తుప్పుపట్టిన మోటారుబండ్ల తుక్కును వస్తువుగా గైకొని ఒక చిత్రమాలికను రచించెను. ఇనుపరేకుల మడతలు అందు యంత్రముగా గుర్తింపరాని స్థితికి వచ్చినవి. ఆ పిమ్మట ఆయన చెట్లకును, నీటిపై రాలిన యాకులకును మరలెను. కొందఱు దీనిని వెనుకడుగుగా నెంచవచ్చును. కాని ఆ కొలనుల పటములను తుక్కు చిత్రముల ప్రక్కన నిలిపి చూడవలెను. వానిలో ఒడ్డు ప్రధానము కాదు, ఆకాశము నీటిలోని నీడగా మాత్రమే యుండును. పటమంతయు ఒకే తలముగా పఱచుకొని, ఆకులు దానిపై వర్ణపు ముక్కలుగా అమరియుండును. ఆకు ఆకుగానే గుర్తింపబడుచున్నది. దానికి చోటు నిర్ణయించిన చేయి మాత్రము తుక్కునకు చోటు నిర్ణయించిన చేయియే.