నిజాం సరిహద్దు, రైలు ప్రయాణం: తెలుగు విమర్శలో ఒక ఖాళీ

ప్రవేశిక

రెండు దేశాల మధ్య నడిచే ప్రయాణికుల రైలు అనగానే మన సాహిత్య తరగతుల్లో ప్రస్తావనకు వచ్చేది పంజాబు. కిషన్ చందర్ 'పెషావర్ ఎక్స్‌ప్రెస్', భీష్మ సాహ్ని 'అమృత్‌సర్ ఆ గయా హై', ఖుష్వంత్ సింగ్ 1956లో వెలువరించిన 'ట్రైన్ టు పాకిస్తాన్' - దేశవిభజన సాహిత్యాన్ని బోధించే అధ్యాపకులు తరచుగా ఈ మూడింటి దగ్గర ఆగుతారు. సిమ్లా ఒప్పందం తరువాత 1976 జూలై 22న అమృత్‌సర్, లాహోర్‌ల మధ్య మొదలై, పలుమార్లు ఆగి సాగి, 2019 ఆగస్టులో నిలిచిపోయిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ దాకా చర్చ నడుస్తుంది. చివర ఒక వాక్యం చేరుతుంది: ఇటువంటి అనుభవం తెలుగువారికి లేదు. ఈ వాక్యాన్ని నేనూ కొన్నేళ్లు తరగతిలో చెప్పాను.

దానిని సరిదిద్దినది చాగలమర్రి నుంచి వచ్చే ఒక విద్యార్థి. చాగలమర్రికి రైలు లేదు. కర్నూలు, కడపల నడుమ రహదారి మీది ఊరు అది. రైలెక్కాలంటే నంద్యాలకో కడపకో పోవాలి. ఆ విద్యార్థి ముత్తాత బతుకుతెరువుకు బొంబాయి వెళ్లేవాడట. ఆదోని దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే నిజాం రాజ్యం, షోలాపురం దగ్గరపడితే మళ్లీ ఇంగ్లీషు రాజ్యం అని ఇంట్లో చెప్పుకొనేవారట. "అది సరిహద్దు రైలు కాదా సార్?" అని అతడు అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రైలు, సుంకం, నాణెం

మద్రాసు, బొంబాయి మార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ మార్గం వరంగల్లు మీదుగా బెజవాడకు చేరింది. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తికావడంతో మద్రాసు నుంచి ఢిల్లీ వెళ్లే ప్రయాణికుడు కూడా నిజాం రాజ్యం మీదుగానే పోసాగాడు. అంటే తెలుగువాడు ఉత్తరానికి గాని పడమటికి గాని దూరప్రయాణం చేస్తే సాధారణంగా దాటక తప్పని సరిహద్దు ఇది. 1800లో నిజాం కుంపినీకి వదిలిన దత్తమండలాల వారికి ఇందులో ఒక విచిత్రం ఉంది. ఒకప్పుడు తమను ఏలిన రాజ్యంలోకే వారు పరాయి ప్రభుత్వపు ప్రజలుగా ప్రవేశించేవారు. 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు పుట్టేవరకు మన ప్రాంతానికి వాడుకలో ఉన్న 'దత్తమండలం' అన్న పేరులోనే ఆ సరిహద్దు దాగి ఉంది.

ఇది పటం మీది గీత మాత్రమే కాదు. సంస్థానంలోకి వచ్చే సరుకు మీద కరోడ్‌గిరి శాఖ సుంకం వసూలు చేసేది. 1802 నాటి వాణిజ్య ఒప్పందం దానిని నూటికి అయిదుగా నిర్ణయించింది. నాణెం వేరు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ సిక్కా రూపాయలు మారకం. పాలనాభాష ఉర్దూ. అయితే రైలుమార్గపు భూముల మీద న్యాయాధికారం చాలాకాలం బ్రిటిషువారి చేతిలోనే ఉంది. అందువల్ల నేరుగా బొంబాయి పోయేవాడు నిజాం నేలను చూస్తాడే తప్ప ఒక రకంగా దానిమీద అడుగుపెట్టడు. బండి దిగినవాడికే ఆ రాజ్యం ఎదురవుతుంది.

ఈ భేదం సాహిత్యానికి కీలకమని నా అభిప్రాయం. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, శ్రీశైలాలు చూసుకొని కృష్ణ దాటి నిజాం రాజ్యంలో ప్రవేశించాడు. బోయీల మీద, గుడారాలతో సాగిన ప్రయాణం గనుక ప్రతి మజిలీలోనూ పాలనలోని తేడా అతనికి తగిలింది, అతని కలానికీ తగిలింది. రైలు వచ్చాక ఆ తగలడం ఆగిపోయింది. సరిహద్దు నిద్రలో దాటిపోయే చోటయింది.

నవల చూసిన చోటు, విమర్శ చూడని చోటు

మన ప్రసిద్ధ కథల్లో రైలు లేకపోలేదు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఒక్కటి చాలు. చిన్న స్టేషన్‌లో దిగిన రావుగారికి తుఫానులో కూలినది తాను గీసుకొన్న నీతి సరిహద్దు. రాజ్యాల సరిహద్దు మాత్రం నేను చదివినంతలో మన రైలు కథకు వస్తువు కాలేదు. నిజాం రాజ్యాన్ని చిత్రించిన సాహిత్యం ఊరిమీద నిలిచింది. బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' (1947), అదే ఏడు సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకం, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' - వీటి రంగస్థలం గడీ, పొలం, చావడి. వస్తువు రీత్యా అది న్యాయమే. వెట్టి చేసే రైతు బెజవాడ బండిలో టికెట్టు కొని తిరిగేవాడు కాడు. రైలు ప్రయాణికుడు ఎక్కువగా వకీలు, విద్యార్థి, వర్తకుడు, పత్రికలు చదివేవాడు. సరిహద్దు అతని ఆత్మకథలోకి వెళ్లింది, రైతు కథలోకి రాలేదు. నవలలను ఒక తరగతిలో, ఆత్మకథలను మరొక తరగతిలో విడివిడిగా బోధించే మన పద్ధతి ఈ ఖాళీని కనబడనీయలేదు.

ఇక్కడ దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అందులోని పాణి బతుకుతెరువు వెతుక్కుంటూ బెజవాడ వైపు నుంచి తెలంగాణ పల్లెకు వచ్చిన సంగీతజ్ఞుడు. విమర్శ అతనిని తరచుగా 'బయటి చూపు'గా, కథన సౌలభ్యం కోసం కల్పించిన సాక్షిగా లెక్కిస్తుంది. ఈ లెక్క చాలదు. పాణి ఒక ప్రభుత్వపు పౌరుడుగా మరొక ప్రభుత్వపు నేలమీద దిగాడు. భాష ఒకటే, రాజు వేరు. దొర ఆదరణ ఉన్నంతవరకే అతనికి అక్కడ నిలువనీడ. అతని దిగ్భ్రాంతిని సంస్కారవంతుడి జాలిగా చదవడంకన్నా, రైలు దిగిన తరువాతనే తాను దాటినది సరిహద్దని గ్రహించినవాడి స్థితిగా చదివితే నవల మరింత పదునెక్కుతుంది. అతడు చూసే అన్యాయాలకు అతనివద్ద ఫిర్యాదు చేసే చోటు లేదు. అది అతని పిరికితనం కాదు.

పంజాబు నమూనాకు పరిమితి

అలాగని పంజాబు చట్రాన్ని తెచ్చి ఇక్కడ బిగించడం మరొక తప్పు. 1947 ఆగస్టు 15 తరువాత పదమూడు నెలలు హైదరాబాదు, భారతదేశాల మధ్య రైళ్లు నిజంగానే రెండు ప్రభుత్వాల మధ్య నడిచాయి. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 మే 22న గంగాపురం స్టేషన్‌లో మెయిలు ప్రయాణికులపై రజాకార్లు దాడి చేశారు. మా విద్యార్థి ముత్తాత పోయిన బొంబాయి మార్గంలోనిదే ఆ స్టేషన్. కాని అక్కడ జనం రైళ్లలో దేశాలు మారలేదు. అటూ ఇటూ శవాల బండ్లు నడవలేదు. సరిహద్దు శిబిరాలకు చేరినవారిలో చాలామంది కాలినడకన, ఎడ్లబండ్ల మీద వచ్చినవారు. గంగాపురాన్ని 'తెలుగువారి పెషావర్ ఎక్స్‌ప్రెస్' అని రాస్తే వాక్యం బాగుంటుంది, చరిత్ర బాగుండదు. సైనిక చర్య తరువాత సాగిన హింసనూ, దానివల్ల హైదరాబాదు వదిలి పాకిస్తానుకు పోయిన కుటుంబాలనూ ఆ పోలిక పూర్తిగా మరుగుపరుస్తుంది. ఆ కుటుంబాలలో కొన్ని రాజస్థాన్ సరిహద్దులోని మునాబావ్ - ఖోఖ్రాపార్ మార్గాన పోయాయి. 1965 యుద్ధంతో ఆగిన ఆ మార్గంలో 2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్‌గా రైలు తిరిగి నడిచి, 2019లో మళ్లీ ఆగింది. దక్కనులో మిగిలిన బంధువులకు అది చుట్టపుచూపు రైలు. దక్కనీ ఉర్దూ కుటుంబ కథనాలను తెలుగు విమర్శ తన పరిధిలోకి తెచ్చుకోనంతకాలం ఈ రెండో సరిహద్దు రైలు కూడా మనది కానట్టే ఉంటుంది.

చాగలమర్రి, ఆళ్లగడ్డ వంటి ఊళ్లలో తెలుగూ ఉర్దూ ఒకే వీధిలో వినబడతాయి. అక్కడి విద్యార్థులకు ఈ పని పరాయిది కాదు. అడిగిన విద్యార్థి ఇప్పుడు తన వీధిలోని పెద్దల దగ్గర బొంబాయి ప్రయాణాల కథనాలను రెండు భాషల్లోనూ సేకరిస్తున్నాడు. రాయచూరులో బండి ఆగినప్పుడు ఏ నాణెంతో టీ కొన్నారన్నది అతని మొదటి ప్రశ్న.