పొయ్యిలో వేసిన కట్నం

జాన్ ఫోర్డ్ 1952లో తీసిన 'ది క్వయట్ మ్యాన్' చిత్రాన్ని చాలామంది ఐర్లండ్ పచ్చదనం కోసం, చివర్లో వచ్చే ముష్టియుద్ధం కోసం చూస్తారు. మోరీస్ వాల్ష్ 1933లో రాసిన కథ దీనికి ఆధారం. నాకు మాత్రం ఇది కట్నం లెక్క తేలని పెళ్ళి కథ. ఆ లెక్కను దర్శకుడు సరిగా తేల్చలేదన్నదే నా ఫిర్యాదు.

అమెరికాలో బాక్సింగ్ పోటీలో తన దెబ్బకు ఒక మనిషి చనిపోతే ఆ వృత్తి వదిలేసి షాన్ థార్న్‌టన్ సొంతవూరికి తిరిగొస్తాడు. మేరీ కేట్‌ను ఇష్టపడతాడు. మైకలీన్ అనే ముసలాయన పెళ్ళిళ్ళ పేరయ్య (పందేలు కట్టించుకునేదీ ఆయనే). తనను మాయచేసి ఒప్పించారని పెళ్ళినాడే తెలుసుకున్న అన్న కట్నం ఇవ్వనంటాడు. ఊరివాళ్ళు నచ్చజెప్పి సామాను తెస్తారు గాని డబ్బు రాదు. అది వచ్చేదాకా కాపురం లేదంటుంది మేరీ కేట్.

షాన్‌కి అది డబ్బాశగా తోస్తుంది. మనకూ అలాగే తోచవచ్చు. కట్నం అనగానే మన కళ్ళముందు నిలిచేది మగపెళ్ళివారు కదా! ఇక్కడ అడుగుతున్నది పెళ్ళికూతురు. ఆ సామాను ఆమె తల్లిది, అంతకుముందు అమ్మమ్మది. అవి లేకుండా ఆ ఇంట్లో అడుగుపెడితే అన్నగారింట్లోలాగే ఇక్కడా పనిమనిషినే అని ఆమె బాధ. మన పల్లెల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చినట్టన్నమాట. వరకట్నంతో దాన్ని కలపకూడదు.

చిత్రంలో దీన్ని అనాదిగా వస్తున్న ఆచారంలా చూపించారు. కెల్టిక్ పెళ్ళి అంటే ఈ అనాది మాట తప్పదు. చేతులకు రిబ్బను కట్టి 'ఏడాది మీద ఒక రోజు' గడువు పెట్టే హ్యాండ్‌ఫాస్టింగ్ సంగతి చూడండి. ఆ గడువు కథకు బాగా ప్రచారం తెచ్చినవాటిలో వాల్టర్ స్కాట్ 1820 నాటి నవల 'ది మొనాస్టరీ' ఒకటి. అది పెళ్ళి నిశ్చయాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టిందని ఎ.ఇ. ఆంటన్ 1958లో వాదించారు. ఆ మాట కూడా గేలిక్ కాదు.

కట్నం సంగతీ కొంత ఇంతే. 1840ల మహాక్షామం తర్వాత ఐర్లండ్ రైతులు భూమిని ముక్కలు చెయ్యడం మానేశారు. ఒక కొడుక్కి పొలం, ఒక కూతురికి కట్నం, తక్కినవాళ్ళకు చాలాసార్లు ఓడ ప్రయాణం. కోడలు తెచ్చిన డబ్బు మామగారి చేతికి పోయేది, ఆయన దాంతోనే తన కూతురికి పెళ్ళి చేసేవాడు. ఒకే మొత్తం ఇల్లిల్లూ తిరుగుతుంది, ఏ ఆడపిల్ల పేరా జమ కాదు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, అలాంటి ఖాతాలు నేనూ చూశాను.

అసలు పాత సంగతి వేరే ఉంది. క్రీ.శ. 700 ప్రాంతపు ఐరిష్ ధర్మశాస్త్రం 'కాన్ లానవ్న' దాంపత్యాలను ముందుగా ఆస్తిని బట్టి విడదీసింది: ఇద్దరూ ఆస్తి తెచ్చినది, మగవాడి ఆస్తి మీద నడిచేది, ఆడదాని ఆస్తి మీద నడిచేది. మొదటి రకంలో ఒకరి ఒప్పందం రెండోవారి సమ్మతి లేకుండా సాధారణంగా చెల్లదు. విడిపోతే ఎవరు తెచ్చింది వారిదే. పాలలో, ఉన్నిలో ఆమె చాకిరీకి కూడా వాటా కట్టారు. మగవాడు ఇచ్చే ఓలి ఉండేది, బానిసలూ ఉండేవారు. అదేమీ స్వర్గం కాదు. కాని ఆ లెక్కల్లో భార్యకు ఒక పద్దు ఉంది.

మేరీ కేట్ తనకు తెలియకుండానే ఆ పద్దు అడుగుతోంది. చిత్రం మొదటి సగానికి అది బాగా తెలుసు. మోరీన్ ఓహారా ముఖంలో కోపం కన్నా అవమానం ఎక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత ఫోర్డ్ చెయ్యి జారింది. రైలెక్కిన భార్యను షాన్ దింపి, మైళ్ళకొద్దీ ఈడ్చుకొస్తుంటే ఊరంతా వేడుక చూస్తూ వెంట నడుస్తుంది. కొట్టడానికి మంచి కర్ర అంటూ ఒకావిడ కర్ర కూడా అందిస్తుంది! అన్న డబ్బు విసిరితే, మేరీ కేట్ నూర్పిడి యంత్రం పొయ్యి తలుపు తెరుస్తుంది, షాన్ అందులో పారేస్తాడు.

హక్కు ఒప్పుకున్నారు, ఇక డబ్బుతో పనేమిటి అని ఈ దృశ్యాన్ని సమర్థించేవారున్నారు. నాకు నచ్చలేదు. ఆ నోట్లు కాలితే అన్నకు నష్టం లేదు, ఆయన చెల్లించేశాడు. షాన్ పోగొట్టుకున్నదీ లేదు, ఆ డబ్బు అతను తనకోసం ఎన్నడూ కోరుకోలేదు. కాలింది ఆమె సొంతం. పైగా తలుపు ఆమె చేతే తీయించారు. ఆ తర్వాత భోజనం సిద్ధం చేస్తానని ఆమె ఇంటిదారి పడుతుంది. కెమెరా ఆమె వెంట వెళ్ళదు, బావా బావమరుదుల కొట్లాట వెంట పడుతుంది.