ఎదురు రైలు

జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫొటోల్లో వరస ఒకటే ఉంటుంది. టోక్యోలో రెండు రాత్రులు, ఫూజీ కొండ దగ్గర ఒకటి, తర్వాత బుల్లెట్ రైలెక్కి క్యోటో, ఒసాకా. రోజూ సూట్‌కేసు సర్దాలి. రోజూ కొత్త హోటల్లో కుళాయి ఎటు తిప్పితే వేడినీళ్ళొస్తాయో కనిపెట్టాలి. నాకంత ఓపిక లేదు. టోక్యోలో ఒకే గది తీసుకుంటాను. పొద్దున చిన్న సంచి భుజాన వేసుకుని ఏదో ఒక దిక్కుకి లోకల్ రైలెక్కడం, రాత్రికి మళ్ళీ అదే మంచం మీదికి చేరడం. ‘నీది బద్ధకం పిన్నీ’ అంటుంది మా అక్క కూతురు. అననీ. ఆ ఊరిని చూడ్డానికి ఇంతకంటే మంచి పద్ధతి ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

టోక్యో, దాన్ని అంటుకున్న పట్టణాలు అన్నీ కలిపితే దాదాపు 3 కోట్ల 70 లక్షల మంది. తెలంగాణ మొత్తం ఒక్క ఊళ్ళో సర్దుకున్నారనుకోండి. వాళ్ళలో చాలామంది పొద్దున్నే ఊరి నడిమధ్యకి వస్తారు. ఆ వేళకి మనం బయటికి వెళ్ళాలి. ఈ పద్ధతిలో కిటుకంతా ఇంతే. షింజుకు స్టేషన్లో ఒక పక్క ప్లాట్‌ఫారం మీద జనం దిగుతూనే ఉంటారు, దిగుతూనే ఉంటారు. ఇవతలి పక్క తకావో కొండకి వెళ్ళే కేయో కంపెనీ రైలు సగం ఖాళీగా నిలబడి ఉంటుంది. ఐదువందల యెన్లు కూడా కాని ఛార్జీతో ఇంచుమించు గంటలో కొండ కాళ్ళ దగ్గర దింపేస్తుంది.

నేనెప్పుడూ మొదటి పెట్టే ఎక్కుతాను, డ్రైవర్ వెనక అద్దం దగ్గర నిలబడొచ్చని. తెల్ల చేతొడుగులు వేసుకుని ఉంటాడు. సిగ్నల్ వచ్చినప్పుడల్లా దానికేసి వేలు చూపించి, అది ఏ రంగులో ఉందో పైకి అంటాడు. వినేవాళ్ళెవరూ ఉండరు. కంటితో చూసింది నోటితో అంటే, వేలితో చూపిస్తే పొరపాటు జరగదని అక్కడి రైల్వేల్లో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. ఒక్క సిగ్నల్ కూడా వేలు చూపకుండా వదలడు.

ఇలా నేను మురిసిపోతూ చెబుతుంటే మా అక్క కూతురు మూతి విరుస్తుంది. తను ఉండేది నిషి-కసాయిలో, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట. రోజూ ఎక్కేది తోజాయ్ లైను. సీట్లు నిండి, నిలబడ్డవాళ్ళు అందరూ తలా ఒక పట్టీ పట్టుకుంటే దాన్ని నూరు శాతం రద్దీ అంటారు. 2019లో ఆ లైన్లో పొద్దుటిపూట రద్దీ 199 శాతం. ‘నువ్వు కూర్చుని వెళ్ళే సీటు ఎలా వచ్చిందనుకున్నావు పిన్నీ? మేం ఇటు నలిగాం కాబట్టి.’

అది నిజం, అక్షరాలా. ఊళ్ళోకి జనాన్ని మోసుకొచ్చిన రైలు మళ్ళీ వెనక్కి వెళ్ళాలి కదా, ఖాళీగా వెళ్తే కంపెనీకి నష్టం. ఆదివారం అసలు ఆఫీసుకెళ్ళేవాళ్ళే ఉండరు. ఈ లెక్క తేల్చింది టోక్యో వాళ్ళు కాదు, ఒసాకా వైపున్న కొబయాషి ఇచిజో. 1910లో ఆయన కంపెనీ ఊరవతలికి పట్టాలు వేసింది. పక్కన ఇళ్ళు కట్టి నెలవాయిదాల మీద అమ్మింది. లైను రెండో కొసన తకరాజుకాలో వేడినీటి స్నానశాల పెట్టింది, 1914లో అక్కడే ఆడపిల్లల నాటక ప్రదర్శనలు మొదలుపెట్టింది. 1929లో ఊళ్ళో ఉన్న కొసన, ఉమెదా స్టేషన్ మీదే, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ లేచింది. ఇటు కొస కొట్టు, అటు కొస వినోదం, మధ్యలో ఇళ్ళు. ఏ వేళ ఏ వైపు రైలు కదిలినా అందులో మనుషులు ఉంటారు.

టోక్యో పటాన్ని ఈ కన్నుతో చూస్తే చిక్కుముడి విడిపోతుంది. మధ్యలో యమనోతె లైను, 34.5 కిలోమీటర్ల గుండ్రటి దారి. ప్రైవేటు లైన్లు చాలావరకు దాని దగ్గర మొదలై బయటికి పోతాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో కొండో గుడో ఉంటుంది. షింజుకు నుంచి కేయోది తకావో, ఒడాక్యూది హకోనే. ఉఎనో నుంచి కేయిసేది నరితా గుడి. ఇకెబుకురో నుంచి టోబు వాళ్ళ రైలెక్కితే అరగంటలో కవగోయె. 1893 నాటి అగ్నిప్రమాదం తర్వాత మంట అంటుకోకుండా మందపాటి మట్టిగోడలతో కట్టుకున్న కొట్లు అక్కడ వీధి పొడుగునా నల్లగా నిలబడి ఉంటాయి. నిక్కోకి వెళ్ళే టోబు రైలైతే అసాకుసాలో 1931 నాటి డిపార్ట్‌మెంట్ స్టోర్ రెండో అంతస్తు నుంచే బయల్దేరుతుంది. కింద మిఠాయిలు, పైన ప్లాట్‌ఫారం. బయటికి రాగానే సుమిదా నది దాటాలి కాబట్టి రైలు మెలి తిరుగుతూ నడకలా కదులుతుంది. నిక్కోలో, ఒకప్పుడు జపాన్‌ని ఏలిన షోగన్ తొకుగావా ఇయెయాసు సమాధి, దాని చుట్టూ బంగారు రేకుల గుడులు. చూడాల్సిందే, కానీ రానుపోను నాలుగు గంటలు రైల్లోనే అయిపోతాయి. హకోనే గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. రైలు, కేబుల్ కారు, రోప్‌వే, పడవ అని వాహనాలు మారడంతోనే పొద్దు గూకుతుంది, ఫూజీ మబ్బులో ఉంటే అదీ లేదు.

ఒక్కరోజే ఉందంటే నేను చెప్పేది కామాకురా. టోక్యో స్టేషన్ నుంచి జపాన్ రైల్వేస్ (జేఆర్) రైల్లో గంట. ఈ చుట్టుపక్కల ఊళ్ళకైతే జేఆర్ పాస్ దండగ. 2023 అక్టోబరులో వారం పాస్ ధర ఒక్కసారిగా 50,000 యెన్లకి పెంచారు. సుయికా కార్డులో డబ్బు వేసుకుంటే చాలు. కామాకురా స్టేషన్లోనే ఎనోడెన్ అనే బుల్లి రైలెక్కొచ్చు. 1902లో మొదలైంది, మొత్తం పది కిలోమీటర్ల దారి. ఇళ్ళ పెరళ్ళని ఆనుకుని పోతుంది, ఆరేసిన బట్టలు కిటికీలోంచి చేతికందుతాయేమో అనిపించేంత దగ్గరగా. కొషిగోయె దగ్గర నడిరోడ్డు మీదికే వచ్చేస్తుంది, కార్లు పక్కకి ఆగుతాయి. కామాకురా హైస్కూల్ స్టేషన్ పక్క రైల్వే గేటు దగ్గర మాత్రం నిలబడకండి. ఒక బాస్కెట్‌బాల్ కార్టూన్ సీరియల్లో అది కనిపించిందని ప్రపంచంలోని కుర్రకారంతా అక్కడే ఫోన్లు పట్టుకుని ఉంటారు.

హసే స్టేషన్లో దిగి నడిస్తే కోతొకుఇన్ గుళ్ళో కంచు బుద్ధుడు. 1252లో పని మొదలైందంటారు. ఎత్తు 11 మీటర్ల పైన, బరువు 121 టన్నులు. కప్పి ఉంచిన మండపాన్ని గాలివానలూ ఉప్పెనా పట్టుకుపోయాక ఐదు శతాబ్దాలకు పైగా ఆరుబయటే ఉన్నాడు. ముందు నిలబడి ఫొటో తీసుకుని చాలామంది వెళ్ళిపోతారు. పక్కనే చిన్న వాకిలి ఉంది, ఒకటి రెండు నాణేలిచ్చి విగ్రహం లోపలికి వెళ్ళొచ్చు. నాకు అక్కడే ఎక్కువసేపు గడుస్తుంది. ఎండాకాలమైతే లోపల ఉడికిపోతాం. కంచుని ఒక్కసారిగా పోయలేదని, కింది నుంచి అంచెలంచెలుగా పోసుకుంటూ వచ్చారని గోడల మీది అతుకుల గీతలు చెబుతాయి. తలెత్తితే, ముందుకి వంగిన ఆ పెద్ద తల బరువంతా పడే మెడ దగ్గర వేరే రంగు పూతలా కనిపిస్తుంది. 1960-61లో లోపలి నుంచి ఫైబర్ ప్లాస్టిక్‌తో బలం కట్టిన చోటది. బయటి ప్రశాంతతకి లోపల ఇంత మరమ్మతు జరిగింది.

ఆ ఊళ్ళోనే జెనిఅరాయ్ బెంతెన్ గుడి. కొండలో సొరంగం దాటి వెళ్ళాలి. గుహలో ఊరే నీళ్ళలో, వెదురు బుట్టలో డబ్బు పెట్టి కడిగితే రెట్టింపవుతుందని నమ్మకం. నాణేలే కాదు, నోట్లు కూడా తడిపి ఆరబెట్టుకుంటారు. బెంతెన్, అంటే బెంజైతెన్, ఎవరో కాదు, బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా మీదుగా వెళ్ళిన మన సరస్వతే. వీణ బదులు బివా వాయిస్తుంది. మనదగ్గర లక్ష్మీ సరస్వతులు అత్తాకోడళ్ళు, ఒక ఇంట్లో ఇమడరంటారు. అక్కడ కోడలే అత్త శాఖ కూడా చూసుకుంటోంది.

తిండి సంగతి. శాకాహారులకి కష్టమే, నూడుల్స్ పులుసులో కూడా చేప ఉంటుంది. కొట్లో ఎర్ర ఉప్పుపండు పెట్టిన అన్నం ముద్ద, ఉమెబొషి ఒనిగిరి, నా ఆధారం. ఉసిరికాయ ఊరగాయ నంజుకున్నట్టే ఉంటుంది. దాని కాగితం మీద 1, 2, 3 అని ఉంటాయి. ఒకటో అంకె దగ్గర కొసని పట్టి నిలువునా లాగి, తర్వాత రెండు మూలల్నీ ఇటూ అటూ లాగితే, అప్పటిదాకా మెత్తబడకుండా విడిగా ఉన్న సముద్రపు నాచు అట్టు అన్నానికి చుట్టుకుంటుంది. ఇదంతా స్టేషన్ బెంచీ మీదే కానివ్వాలి, లోకల్ రైల్లో ఎవరూ తినరు. చెత్త సంచి ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. 1995లో సబ్‌వేలో విషవాయువు దాడి తర్వాత చెత్తడబ్బాలు చాలావరకు తీసేశారు.

మొదట చెప్పిన తకావో 599 మీటర్ల కొండ, పట్టుదల ఉన్న తాతలు పైదాకా ఎక్కేస్తుంటారు. రైల్లో పక్కనే గంట కూర్చుని కళ్ళెత్తి చూడని మనిషి, కొండదారిలో ఎదురైతే ‘కొన్నిచివా’ అని పలకరిస్తాడు.

అన్నేళ్ళుగా అక్కడుండి మా అక్క కూతురు ఇవేవీ చూడలేదు. ఆదివారం రమ్మంటే, వారానికి ఒక్కరోజైనా రైలెక్కకుండా ఉండనీ అంటుంది. కడపటిసారి నేనే వదల్లేదు.

‘సరే, ఆదివారం వద్దు పిన్నీ. లీవ్ పెడతా. మామూలు రోజు, పొద్దున ఎనిమిదికి, ఆఫీసు వైపు కాకుండా అటు వెళ్ళే రైలు. సోమవారం ఓకేనా?’

సోమవారం వద్దన్నాను. అక్కడ మ్యూజియాలు చాలావరకు ఆ రోజే మూసేస్తారు.